పాత బాత్రూంకి కొత్త ఇంటి రేటు: రీమోడలింగ్ ఎస్టిమేట్ ఎక్కడ తప్పుతుంది

బెంగళూరులో ఏడో అంతస్తు ఫ్లాట్. అందులో ఒక మామూలు బాత్రూం. లోపలి కొలత 5 అడుగులు, 8 అడుగులు. గోడలకు 7 అడుగుల ఎత్తు దాకా టైల్స్. పదిహేనేళ్లు వాడారు. ఇప్పుడు కింది ఫ్లాట్ సీలింగ్‌లో చెమ్మ కనిపిస్తోంది కాబట్టి మొత్తం తీసేసి మళ్లీ చేయాలి. కాంట్రాక్టర్ వస్తాడు, టేపు పెడతాడు, గోడలూ నేలా కలిపి 205 చదరపు అడుగులు అని రాసుకుంటాడు. టైల్ ఇంత, వేసే కూలి ఇంత, ప్లంబింగ్ ఇంత, పాతది కొట్టి పారేయడానికి ఓ మూడు వేలు. పావుగంటలో మొత్తం తేలిపోతుంది.

ఆ ‘ఓ మూడు వేలు’ ఎంత దూరం వస్తాయో చూడాలి. టైలూ దాని వెనక సిమెంటూ కలిపి ఒకటిన్నర అంగుళం మందం ఉంటుంది. తలుపు పోగా మిగిలిన 164 చదరపు అడుగుల గోడ నుంచి 20 ఘనపుటడుగుల డెబ్రీ రాలుతుంది. అపార్ట్‌మెంట్లలో బాత్రూం కింద శ్లాబ్‌ను అడుగు లోతుకు దించి పోస్తారు. సంకెన్ శ్లాబ్ అంటారు దీన్ని. ఆ గుంటలో పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపి, పైన నేల వేస్తారు. లీకు నిజంగా ఆగాలంటే ఆ నింపిందంతా బయటికి రావాలి, అది 40 ఘనపుటడుగులు. మొత్తం 60. పగలగొట్టిన చెత్త గుల్లబారి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది కాబట్టి సంచులకెత్తేసరికి 90. ఖాళీ సిమెంటు సంచిలో మనిషి మోయగలిగినంత నింపితే ఒక ఘనపుటడుగు పడుతుంది. అంటే 90 సంచులు, ఒక్కోటి 30 కిలోల పైమాటే. అన్నీ కలిపితే 3 టన్నులు, చోటా హాథీ బండికి నాలుగు ట్రిప్పులు.

ఒక్క బాత్రూం!

సర్వీస్ లిఫ్ట్ వాడనిస్తే ట్రిప్పుకు ఎనిమిది సంచుల చొప్పున పన్నెండు సార్లు దిగాలి. మధ్యలో పాలవాళ్లు, పనమ్మాయిలు, డెలివరీ కుర్రాళ్లు అదే లిఫ్ట్ కోసం నిలబడి ఉంటారు. లిఫ్ట్ ఇవ్వకపోతే మెట్లే గతి, లెక్క అప్పుడు ఇంకోలా ఉంటుంది. కొట్టడానికి ఇద్దరికి రెండు రోజులు, అంటే నాలుగు కూలీలు, సంచులకెత్తి దింపడానికి మరో మూడు కూలీలు, మొత్తం ఏడు కూలీలు అనుకుందాం. లెక్క కోసం రోజు కూలి 800 పెట్టుకుంటే 5,600. బండి ట్రిప్పుకు 1,200 చొప్పున 4,800. బ్రేకర్ మెషీన్ అద్దె రెండు రోజులకు 1,200. అంతా కలిపి 11,600. ఎస్టిమేట్‌లో రాసింది 3,000. పని ఇంకా మొదలే కాలేదు, అప్పుడే ఎనిమిదిన్నర వేలు చేతిచమురు వదిలింది. ఇక ఇసుక, సిమెంటు, టైల్స్, గుంటలో మళ్లీ నింపే సరుకు కలిపితే రెండు టన్నులకు తక్కువ ఉండదు. అది పైకి ఎక్కాలి. ఆ కూలి సంగతి ఎవరూ ఎత్తలేదు.

రీమోడలింగ్ ఎస్టిమేట్లు తప్పేది ఎక్కువగా ఇలాగే. టైల్ రేటు తెలియక నష్టపోయిన కాంట్రాక్టర్ అరుదు. దెబ్బ తగిలేది కాగితం మీద పేరే లేని పనుల దగ్గర. దానికి కారణం కాంట్రాక్టర్ బద్ధకం అనుకుంటే పొరపాటు. అతని దగ్గర ఉన్న రేట్లన్నీ కొత్త ఇళ్లు కట్టేటప్పుడు నేర్చుకున్నవి.

కొత్త ఇంట్లో ఇసుక గేటు ముందే పడుతుంది. ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టి చీకటి పడేదాకా చేయొచ్చు, శబ్దం అయితే అడిగేవాడు లేడు. హాలంతా ఖాళీ కాబట్టి ఒక మేస్త్రి, ఒక హెల్పర్ కలిసి రోజుకు 100 అడుగుల టైల్ పరిచేస్తారు. అదే జత బాత్రూం గోడల దగ్గర 40, 50 అడుగులకే ఆగిపోతుంది. ట్యాపు చుట్టూ కోత, కార్నర్‌లో కోత, వాలు, నీళ్లు పోయే నానీ ట్రాప్. పైగా అసోసియేషన్ వాళ్లు పొద్దున తొమ్మిదిన్నర ముందు డ్రిల్లింగ్ వద్దంటారు, సాయంత్రం ఐదున్నరకు ఆపేయమంటారు, ఆదివారం గేటు లోపలికే రానివ్వరు. భోజనం, మాల్ (సిమెంటు, ఇసుక మిశ్రమం) కలుపుకోవడం, శుభ్రం చేయడం పోగా చేతిలో మిగిలేది ఆరు గంటలు. 205 అడుగుల పనికి నాలుగున్నర రోజులు అనుకున్నది ఆరు రోజులవుతుంది. మేస్త్రికి 1,200, హెల్పర్‌కు 800 చొప్పున ఆరు రోజులకు 12,000. అడుగుకు 60 రూపాయల కూలి రేటు వేసిన కాంట్రాక్టర్‌కు ఇంటివాళ్ల దగ్గర వచ్చేది 12,300. ఈ టైల్ కూలిలో అతనికి మిగిలిన 300, సైటుకు రెండుసార్లు వెళ్లొచ్చిన పెట్రోలుకే సరిపోతుంది.

అందుకే పాత ఇంటి పనికి అడుగు రేటుతో మొదలుపెట్టకూడదు. రోజులతో మొదలుపెట్టాలి. ఏ పనికి ఎంతమంది, ఎన్ని రోజులు, ఎన్ని గంటలు పనిచేయనిస్తారు అని లెక్కేసుకుని, ఆ మొత్తాన్ని చివర్లో కావాలంటే అడుగు రేటుగా మార్చి ఇంటివాళ్లకు చూపించొచ్చు. వాళ్లకు అర్థమయ్యే భాష అదే కాబట్టి.

‘అడుగు’ అంటే ఏ అడుగు

భాష సంగతి ఎలాగూ వచ్చింది. బెంగళూరులో తెలుగు కాంట్రాక్టర్లకు, తెలుగు ఇంటివాళ్లకు మధ్య గొడవల్లో సగం ఈ ఒక్క మాట దగ్గరే పుడతాయి. పొడవును మాత్రమే కొలిచే రన్నింగ్ ఫీటూ అడుగే, చదరపు అడుగూ అడుగే. “స్కర్టింగ్ అడుగుకు ఇంత” అని ఒకరంటారు, “టైల్ అడుగుకు ఇంత” అన్నట్టే ఇంకొకరికి వినిపిస్తుంది. గది చుట్టూ గోడ అడుగున 60 అడుగుల పొడవున 4 అంగుళాల స్కర్టింగ్ పట్టీ వేస్తే చదరపు అడుగుల్లో అది 20 మాత్రమే. ఒకే పని, ఒకే రేటు, బిల్లులో మాత్రం మూడు రెట్ల తేడా. వంటింటి గ్రానైట్ అంచు పాలిష్ రన్నింగ్ ఫీట్‌లో కొలుస్తారు, దాని పక్కనే ఉన్న రాయిని చదరపు అడుగుల్లో కొలుస్తారు. కాగితం మీద ‘ర.అ.’, ‘చ.అ.’ అని రెండక్షరాలు రాస్తే తీరే బాధ ఇది.

ఊరి పాత మేస్త్రీలు ఇప్పటికీ చదరాల్లో మాట్లాడతారు. చదరం అంటే 10 అడుగులు, 10 అడుగులు, అంటే 100 చదరపు అడుగులు. కన్నడంలోనూ అదే మాట కాబట్టి అక్కడ పేచీ లేదు. పేచీ అంతా పెయింటింగ్‌లో ఉంది. ఒకరు ఫ్లాట్ విస్తీర్ణం మీద రేటు చెబుతారు, ఇంకొకరు గోడల మీద చెబుతారు. 10 అడుగులు, 12 అడుగుల గది నేల 120 చదరపు అడుగులే. 10 అడుగుల ఎత్తున్న నాలుగు గోడలు 440, సీలింగ్ 120, మొత్తం రంగు పడేది 560. నేల మీద చెప్పే రేటు గోడ మీద చెప్పే రేటుకు నాలుగున్నర రెట్లు ఉన్నా రెండూ ఒకటే కావచ్చు. నేల విస్తీర్ణం అన్నప్పుడు కూడా అది గోడల లోపలి కార్పెట్ ఏరియానా, ఉమ్మడి స్థలాలు కూడా కలిపి బిల్డర్ అమ్మిన సూపర్ బిల్టప్ ఏరియానా అన్నది ఇంకో చిక్కు. ఇంటివాళ్లు మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని చిన్న అంకె ఉన్నవాణ్ణి పిలుస్తారు, పాపం.

తలుపులు, కిటికీల మినహాయింపు సంగతి కూడా ముందే తేల్చుకోవడం మంచిది. ప్లాస్టరింగ్‌కు దీనికో జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 1200. దాని ప్రకారం అర చదరపు మీటరు, అంటే సుమారు ఐదున్నర చదరపు అడుగుల లోపు రంధ్రానికి మినహాయింపు ఇవ్వరు. అంతకు మించి 3 చదరపు మీటర్ల దాకా ఒక వైపే తీసేస్తారు, రెండో వైపు ఉంచేస్తారు. ఎందుకంటే అంచులు తీర్చిదిద్దే పని ఆ వైపు లెక్కతో సరిపోతుంది. ఇంటివాళ్లకు ఇది ముందు చెప్పకపోతే “కిటికీకి కూడా డబ్బులు తీసుకున్నాడు” అన్న మాట పడాల్సి వస్తుంది. కొలతలు ఐఎస్ 1200 ప్రకారం అని ఎస్టిమేట్ కింద ఒక వాక్యం రాస్తే చాలు.

వడ్రంగి పనిలో కొలత మాయ వేరేగా ఉంటుంది. వార్డ్‌రోబ్‌ను ముందు నుంచి కనిపించే విస్తీర్ణంతో కొలుస్తారు. 7 అడుగుల ఎత్తు, 6 అడుగుల వెడల్పు ఉంటే 42 అడుగులు. లోతు 2 అడుగులు అనుకుంటే లోపల పక్కలు, మధ్య గోడ కలిపి 42 అడుగుల ప్లైవుడ్, పైనా కిందా 24, ఆరు అరలు వేస్తే 36, తలుపులకు మరో 42. మొత్తం 144, వెనక పలుచని షీటు కాకుండానే. 8 అడుగులు, 4 అడుగుల షీటు 32 చదరపు అడుగులు కాబట్టి నాలుగున్నర షీట్లు. కోతలో పోయేది కలుపుకుంటే ఐదు, ఆరు. ఇప్పుడు ఇంటావిడ వచ్చి రెండు అరలు తీసేసి నాలుగు డ్రాయర్లు పెట్టమంటుంది. బయటి నుంచి చూస్తే అదే 42 అడుగులు. లోపల ప్లై పెరిగింది, చానెళ్లు వచ్చాయి, వడ్రంగికి మరో రోజు పని తగిలింది. అడుగు రేటులో మాత్రం ఏ మార్పూ లేదు. డ్రాయర్లను లెక్కపెట్టి విడిగా రేటు వేసేవాళ్లు గట్టి కాంట్రాక్టర్లు.

గోడ లోపల ఏముంది

కొలతల కన్నా ముందు తెలియాల్సింది ఆ ఇల్లు దేనితో కట్టారన్నది. బెంగళూరులో ఒకే రోజు మూడు ఎస్టిమేట్లకు వెళితే మూడు రకాల కట్టడాలు ఎదురవుతాయి.

బసవనగుడి, మల్లేశ్వరం వైపు పాత ఇళ్లలో గోడలే బరువు మోస్తాయి. కొన్నిటికి మద్రాస్ టెర్రస్ కప్పు, అంటే కర్ర దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో వేసింది. నేల ఎర్రటి రెడ్ ఆక్సైడ్. అలాంటి ఇంట్లో వంటిల్లు, భోజనాల గది కలిపేయమని అడుగుతారు. ఆ మధ్య గోడ తీయాలంటే ముందు పైకప్పుకు దన్ను పెట్టాలి, స్టీల్ బీమ్ ఎక్కించాలి, స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి చూడాలి. గోడ కొట్టే ఖర్చు వీటన్నిటిలో చివరి చిన్న అంకె. తొమ్మిది అంగుళాల గోడ కదా అని ఘనపుటడుగుల్లో లెక్కేసి ఇచ్చేస్తే ఆ కాంట్రాక్టర్ గోడ వెల చెప్పాడు, కప్పు వెల మరిచాడు.

మధ్యకాలపు అపార్ట్‌మెంట్లు ఫ్రేమ్ కట్టడాలు. కాలమ్, బీమ్, మధ్యలో సిమెంట్ బ్లాకు గోడలు. వీటితో సుఖమే. గాడి కొట్టొచ్చు, లోపలి గోడ తీయొచ్చు, అసోసియేషన్ అనుమతి ఉంటే చాలు. చిక్కల్లా పైపుల్లో ఉంటుంది. పాత జీఐ (జింక్ పూత ఇనుము) పైపులు లోపల తుప్పు పట్టి సన్నబడి ఉంటాయి. ఒక ట్యాపు మార్చడానికి రెంచ్ వేస్తే గోడ లోపల ఉన్న పక్క జాయింట్ కదులుతుంది. అక్కడితో ‘ట్యాపు మార్చడం’ పోయి ‘లైన్ మార్చడం’ వస్తుంది.

మూడో రకం ఈ మధ్య వచ్చిన పెద్ద టవర్లు. చాలావాటిని అల్యూమినియం అచ్చులతో, మివాన్ పద్ధతిలో పోశారు. ఇక్కడ లోపలి గోడ కూడా కాంక్రీటే, అందులో కమ్మీలుంటాయి, అదే బరువు మోస్తుంది. గాడి కొట్టడానికి వీల్లేదు, గోడ తీయడం అసలే కుదరదు. స్విచ్ బోర్డు రెండడుగులు పక్కకు జరపాలన్నా గోడ మీద చానెల్ వేసి దాన్ని ప్యానెల్ వెనక దాచాలి. ఏసీ పైపుకు ఒక కన్నం పెట్టాలంటే కోర్ కటింగ్ మెషీన్ రావాలి, అది కూడా ఎక్కడ పెట్టొచ్చో తెలుసుకున్నాకే. కరెంటు పనికి పాయింట్‌కు ఇంత అని ఊరంతా చెప్పే రేటు ఇక్కడ చెల్లదు.

ఏ రకం ఇల్లో తెలుసుకోవడానికి ఎక్స్‌రే అక్కర్లేదు. పిడికిలితో కొట్టి వింటే తెలుస్తుంది, ఒక స్విచ్ ప్లేటు విప్పి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. టైల్‌ను స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళితే ఎక్కడ డొల్లగా ఉందో చెవే చెబుతుంది. డీబీ (ఇంట్లోని మెయిన్ కరెంటు బోర్డు) తెరిచి వైరు మందం చూడాలి. గీజర్‌కూ ఏసీకీ 4 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా రావాలి, పాత ఇళ్లలో అన్నిటికీ కలిపి ఒకే సన్న వైరు నడుస్తుంటుంది. మెయిన్ వాల్వ్ తిప్పి చూడాలి. ఒక్క ఫ్లాట్‌కు నీళ్లు ఆగుతాయా, లేక బిల్డింగ్ మొత్తానికి ఆపాలా అన్నది పని రోజులను మార్చేస్తుంది. చివరగా తల ఎత్తి సీలింగ్ చూడాలి. చెమ్మ అక్కడ ఉంటే జబ్బు ఈ ఇంట్లోది కాదు, పై ఫ్లాట్‌ది. అది తన ఎస్టిమేట్‌లో లేదని రాసి ఇవ్వని కాంట్రాక్టర్, ఆరు నెలల తర్వాత పెయింటు ఉబ్బితే తానే వచ్చి వేయాలి.

ఎంత చూసినా కొట్టేదాకా తెలియనివి కొన్ని మిగులుతాయి. వాటికి మొత్తం మీద పది శాతం ‘మిసలేనియస్’, అంటే ఇతర ఖర్చులు, వేసుకోవడం అలవాటు. ఆ అలవాటు కాంట్రాక్టర్‌కూ, ఇంటివాళ్లకూ ఇద్దరికీ చెడ్డదే. ఏమీ బయటపడకపోతే ఇంటివాళ్లు ఊరికే పది శాతం ఇచ్చినట్టు, పెద్దది బయటపడితే కాంట్రాక్టర్‌కు ఆ పది శాతం చాలనట్టు. అంతకన్నా నయమైన పద్ధతి, కొట్టాక బయటపడగల పనులకు పరిమాణం రాయకుండా రేటు మాత్రం ముందే ఒప్పుకోవడం. తుప్పు పట్టిన పైపు తీసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేయాల్సి వస్తే రన్నింగ్ ఫీట్‌కు ఇంత, ప్లాస్టర్ ఊడొస్తే చదరపు అడుగుకు ఇంత, వైరు కొత్తగా లాగాల్సి వస్తే మీటరుకు ఇంత. గోడ తెరుచుకున్నాక ఇంటివాళ్లూ కాంట్రాక్టరూ కలిసి కొలుస్తారు. అప్పుడు పేచీ ఉంటే కొలత మీదే, రేటు మీద కాదు.

ఎవరు ఎంచుకుంటే వాళ్ల ఖర్చు

టైల్, ట్యాపు, లైటు, తలుపు గడియ, ఇవన్నీ ఇంటివాళ్ల ఇష్టం మీద నడిచేవి. ఎస్టిమేట్ ఇచ్చే రోజుకు వాళ్లు షాపు మొహం కూడా చూసి ఉండరు. అందుకే వీటికి ‘బేసిక్ రేట్’ రాస్తారు. టైల్ బేసిక్ రేట్ అడుగుకు 60 అని రాశారనుకుందాం. షోరూంలో 110 రూపాయల టైల్ నచ్చితే తేడా 50 ఇంటివాళ్లది. ఇది అందరికీ తెలిసిందే. చాలామంది వదిలేసేది, ఆ 60 దేని మీద అన్నది. వేసిన విస్తీర్ణం మీదా, కొన్న విస్తీర్ణం మీదా? రవాణా, జీఎస్టీ కలిపా, విడిగానా? మన బాత్రూంలో వేసేది 205 అడుగులు, కోతకు పది శాతం కలిపితే కొనేది 225. పైగా టైల్ బాక్సుల లెక్కన వస్తుంది. 2 అడుగులు, 2 అడుగుల టైల్ (నిజ కొలత 60 సెంటీమీటర్లు) బాక్సులో నాలుగుంటాయి, అది 15.5 చదరపు అడుగులు. విడిగా రెండు టైల్స్ ఇవ్వరు. తర్వాత తక్కువైతే అదే బ్యాచ్ దొరుకుతుందన్న నమ్మకం లేదు, వేరే బ్యాచ్ అయితే రంగులో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకట్రెండు బాక్సులు ఎక్కువే తెప్పించి, మిగిలినవి ఇంటివాళ్ల అటక మీద పెట్టిపోవడం మంచిది.

పెద్ద టైల్ ఎంచుకుంటే కూలి కూడా మారుతుంది. 2 అడుగులు, 4 అడుగుల టైల్ ఎత్తడానికి ఇద్దరు కావాలి, మాల్ బదులు అడెసివ్ (టైల్ జిగురు) కావాలి, చిన్న బాత్రూంలో కోతకు సగం వృథా పోతుంది. టైల్ రేటులో తేడా మాత్రమే ఇంటివాళ్లదని ఒప్పుకున్న కాంట్రాక్టర్ ఇక్కడ చిక్కుకుంటాడు. కూలి రేటు ఏ సైజు దాకా వర్తిస్తుందో కూడా రాసుకోవాలి.

పాత టైల్ మీదే కొత్త టైల్ అడెసివ్‌తో అంటించడం ఈ మధ్య బాగా నడుస్తోంది. డెబ్రీ తగ్గుతుంది, శబ్దం తగ్గుతుంది, నిజమే. కానీ నేల మట్టం అర అంగుళం పైకి లేస్తుంది. ప్రతి తలుపు అడుగున కోయాలి, గడప దగ్గర మెట్టు వస్తుంది, నానీ ట్రాప్ పైకి లేపాలి. ఎస్టిమేట్‌లో టైల్ ఒక్కటే రాసి, తలుపులు కోసే వడ్రంగిని మరిచిపోతే మళ్లీ మొదటికే. లీకు ఉన్న బాత్రూంకి ఈ పద్ధతి అసలు పనికిరాదు.

లాభం లెక్కలో ఒక పాత తప్పు

అసలు ఖర్చు సరిగ్గా వేసినా చివరి మెట్టు మీద కాలు జారేవాళ్లున్నారు. ఒక పనికి మెటీరియల్, కూలి, రవాణా అన్నీ కలిపి 1,60,000 అయిందనుకుందాం. కాంట్రాక్టర్‌కు ఏడాదికి 40 లక్షల పని ఉంది. ఫోన్లు, బండి, సూపర్‌వైజర్ జీతం, గోడౌన్ అద్దె, అకౌంటెంట్ కలిపి 6 లక్షలు ఖర్చు. అంటే అతను వసూలు చేసే ప్రతి వందలో 15 రూపాయలు వీటికే పోతాయి. పది శాతం లాభం కావాలి. 15, 10 కలిపి 25 శాతం. 1,60,000కు 25 శాతం కలిపి 2,00,000 అని కోట్ చేస్తాడు.

ఆ రెండు లక్షల్లో 15 శాతం, అంటే 30,000 ఆఫీసు ఖర్చులకు పోయింది. 1,60,000 పనికి పోయింది. మిగిలింది 10,000. పది శాతం అనుకున్నది ఐదు శాతమైంది. శాతాలు లెక్కేసింది అమ్మకం మీద, కలిపింది ఖర్చు మీద. 1,60,000ను 0.75తో భాగించాలి, అప్పుడు 2,13,333 వస్తుంది. ఏడాది పొడవునా ఈ తప్పు చేసినవాడికి పని నిండుగా ఉంటుంది, డబ్బెక్కడికి పోతోందో మాత్రం తెలియదు.

ప్రభుత్వ పనులకు సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ) రేట్ల విశ్లేషణలో కాంట్రాక్టర్ లాభానికీ, ఓవర్‌హెడ్‌కూ, అంటే ఆఫీసు ఖర్చులకూ కలిపి 15 శాతం వేస్తారు. ఆ అంకెను తెచ్చి ఒక బాత్రూంకి పెట్టడం కుదరదు. అక్కడ కోట్ల రూపాయల పని ఒకే చోట జరుగుతుంది. ఇక్కడ ఐదిళ్లకు వెళ్లి కొలతలు తీసుకుంటే ఒక్క ఇల్లు ఓకే అవుతుంది, మిగతా నాలుగు ఇళ్లకు తిరిగిన ఖర్చు కూడా ఆ ఒక్కటే మోయాలి. ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటి వెళ్లిన సాయంత్రాలు కూడా ఓవర్‌హెడ్డే.

జీఎస్టీ దగ్గర మాట స్పష్టంగా ఉండాలి. ఇంటి పని కాంట్రాక్టుకు 18 శాతం. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటని సర్వీస్ కాంట్రాక్టర్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కాబట్టి అతని అంకె ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. రిజిస్టర్ అయినవాడు తన కొనుగోళ్ల మీద కట్టిన పన్నును వెనక్కి తీసుకోగలడు, మొదటివాడు తీసుకోలేడు, ఆ భారం అతని రేటులోనే దాగి ఉంటుంది. అందుకే రెండు కొటేషన్ల మధ్య తేడా చూసేందుకు 18 శాతం ఉన్నట్టున్నా నిజంగా అంత ఉండదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ఎక్సెల్ షీటులో రేట్లు మార్చకుండా వాడేవాళ్లు ఒక్కసారి చూసుకోవాలి.

మనవాళ్లే కదా

మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువ. భాష కలుస్తుందని తెలుగు కాంట్రాక్టర్‌నే వెతుక్కుంటారు. గుంటూరు ఇంటాయన, అనంతపురం కాంట్రాక్టర్, పాలమూరు మేస్త్రి, ఇలా కుదురుతుంది వ్యవహారం. మాట త్వరగా కలుస్తుంది కాబట్టి కాగితం వెనకబడుతుంది. “అన్నా, చేతులు పెట్టారు కదా, ఆ బాల్కనీ ట్యాపు కూడా చూసేయండి” అంటారు. “దానికేముందండీ” అని ఇతనంటాడు. ఆ మొహమాటానికి ఒక ప్లంబర్ పూట ఖర్చు. ఇలాంటివి పనిలో పది వస్తాయి. చివర్లో కాంట్రాక్టర్ అవన్నీ గుర్తుపెట్టుకుని ఒకేసారి 18,000 ఎక్స్‌ట్రా అంటాడు. అవతలివాళ్లకు ఒక్కటీ గుర్తుండదు. చిన్న పనైనా సరే, చేసే ముందు వాట్సాప్‌లో “బాల్కనీ ట్యాపు, 650” అని ఒక్క లైను పంపితే స్నేహం చెడదు. నిజానికి అది పంపకపోతేనే చెడుతుంది. ఊరికే చేసిపెట్టదలిస్తే కూడా “బాల్కనీ ట్యాపు, ఫ్రీ” అని రాయాలి. ఉచితంగా చేసింది కూడా అప్పుడే గుర్తుంటుంది.

కావాలని తక్కువ కోట్ చేసి, ఎక్స్‌ట్రాల మీద సంపాదించేవాళ్లు లేకపోలేదు. వాళ్ల ఎస్టిమేట్ ఒకే పేజీ ఉంటుంది, అందులో ‘బాత్రూం పూర్తి రెనోవేషన్, లంప్‌సమ్’ అని ఉంటుంది. పూర్తి అంటే ఏమిటో ఎక్కడా ఉండదు. వాటర్‌ప్రూఫింగ్ ఎన్ని పూతలు, నీళ్లు నిలబెట్టి ఎన్ని గంటలు పరీక్షిస్తారు, డెబ్రీ ఎవరు తీస్తారు, అసోసియేషన్ డిపాజిట్ ఎవరు కడతారు, పని జరిగే నీళ్లు ఎక్కడివి? నీళ్ల ప్రశ్న బెంగళూరులో చిన్నది కాదు. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు తాగునీటిని నిర్మాణ పనులకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఆదేశం ఇచ్చింది. ఎండాకాలం పనికి ట్యాంకర్ ఖర్చు ఒక లైనుగా ఉండాల్సిందే.

రోజుల లెక్కలో పంచాంగం కూడా వస్తుంది. సంక్రాంతికి, ఉగాదికి మేస్త్రీలు ఊరెళతారు. మూడు రోజులని చెప్పి పది రోజులకు వస్తారు. ఆయుధపూజ రోజున ఎవరూ పనిముట్టు పట్టరు. ఆషాఢం రాకముందే గృహప్రవేశం అయిపోవాలన్న తొందరలో జ్యేష్ఠమాసమంతా అందరికీ ఒకేసారి పెయింటర్లు కావాలి, దొరికినవాళ్లు అడిగినంత ఇవ్వాలి. బయటి గోడల పెయింటు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ సెప్టెంబర్, అక్టోబర్‌లో పెట్టుకుంటే వానలకు ఆగిన రోజులకు కూడా మనుషుల్ని పోషించాలి. ఎస్టిమేట్ మీద ఇన్ని రోజుల దాకా ఈ రేట్లు అని ఒక గడువు రాసేది ఇందుకే. రాగి ధర పెరిగితే వైరు కాయిల్ ధర నెల తిరక్కుండానే మారిపోతుంది.

పని అయిపోయాక చేయాల్సిన లెక్క ఒకటుంది. చాలామంది చేయరు, చివరి చెక్కు రాగానే ఆ ఫైలు మూసేస్తారు. మన ఏడో అంతస్తు బాత్రూంలో సంచులు 90 అనుకున్నాం, దిగినవి ఎన్ని? టైల్ మేస్త్రి ఆరు రోజులన్నాం, ఎన్ని రోజులు పట్టింది? లిఫ్ట్ కోసం ఎంతసేపు నిలబడ్డారు? హెల్పర్‌ను అడిగితే చెబుతాడు, అతనికి ప్రతి సంచీ గుర్తే. ఆ అంకెల్ని ఎస్టిమేట్ పక్కనే ఇంకో నిలువు గీసి రాసుకోవాలి. ఐదారు బాత్రూంలు అలా రాసినవాడు తర్వాతి ఇంట్లో టేపు తీయకముందే సెక్యూరిటీ గార్డును అడుగుతాడు, “సర్వీస్ లిఫ్ట్ ఉందా అన్నా, ఎన్నింటిదాకా ఇస్తారు?” అని.